నల్లపండ్లు కాయాల్సిన చెట్టు

మొన్న మా వీధి చివర కొత్తగా పెట్టిన నర్సరీకి కరివేపాకు మొక్క కోసం వెళ్లాను. వెళ్లింది కరివేపాకుకు, నిలబడిపోయింది వేరే మొక్క ముందు. నల్ల కవర్లో మోకాలెత్తు మొక్క. ఆకులకు నూనె రాసి గుడ్డతో తుడిచినట్టు ఒకటే మెరుపు. నర్సరీ అబ్బాయి నా చూపు పసిగట్టాడు.

"తీసుకోండమ్మా, వానకొండల్లో పెరిగే మొక్క ఇది. పెద్దదైతే గుత్తులు గుత్తులు పండ్లు కాస్తుంది."

"పండ్లు ఎరుపా, నలుపా?" నా నోరు దానంతట అదే అడిగేసింది.

"ఎరుపేనమ్మా. ఎందుకు?"

ఎందుకో చెప్పడం మొదలుపెడితే ఆ పూట అతని బేరాలన్నీ మూలపడతాయి. కరివేపాకు సంగతి కూడా మరచిపోయి ఇంటికొచ్చేశాను. అతనికి చెప్పనిది మీకు చెబుతాను, వినండి.

మాది జహీరాబాద్ దగ్గర, బొంబాయి రోడ్డుకు కాస్త లోపలగా ఉండే పల్లె. ఎర్రనేల. చెరుకు, అల్లం తప్ప మాకు వేరే లోకం లేదు. అల్లం తవ్వే రోజుల్లో ఊరంతా అదే వాసన. బట్టలకు అల్లం, పలకలకు అల్లం, చివరికి పాలకు కూడా అల్లం వాసనే. ఆ వాసన మాకు తెలిసేది కాదు, పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ముక్కులు ఎగబీలిస్తే తెలిసేది. ఆ చుట్టాల పిల్లలకు బెల్లం ముద్ద మధ్యలో పచ్చి అల్లం ముక్క దాచిపెట్టి తినిపించడం మా ప్రతి ఏటి వేడుక. వాళ్లు ఎగిరెగిరి ఏడిస్తే, మేము ఏమీ ఎరగనట్టు నీళ్లచెంబు అందించేవాళ్లం.

ఆ అల్లం మళ్లకు మహారాణి మా నాయనమ్మ. మడిలో కాలు పెట్టగానే కింద దుంప ఊరుతోందో కుళ్లుతోందో చెప్పేది. మొగుడంపల్లి నుంచి కూడా రైతులు వచ్చి ఆమెను అడిగిపోయేవారు. "ముసలమ్మ చెయ్యి తగిల్తె ఎండు కట్టె గూడ చిగురేస్తది" అని ఊళ్లో మాట. ఆ మాట ఎవరైనా అన్నప్పుడు నాయనమ్మ విననట్టు కొంగు సర్దుకునేది. కానీ రెండోసారి అనేదాకా అక్కడి నుంచి కదిలేది కాదు.

ఒక ఏడు మా దుంపలన్నీ కుళ్లు తెగులుకు పోయాయి. మంచి విత్తనం కోసం మా చిన్నాయన కన్నడ దేశంలో వానకొండల వైపు వెళ్లాడు. అక్కడ ఒక పోకతోట ఆసామి ఇంట్లో దిగాడు. దిగినవాడు విత్తనం తెచ్చాడు, మరుసటి వైశాఖంలో ఆ ఆసామి బిడ్డను పెళ్లి కూడా చేసుకొచ్చాడు. "అల్లానికి పోయి పెండ్లాన్ని తెచ్చిండు" అని ఊరు ఊరంతా ఏడాది పాటు నవ్వింది. మాకు బీదరు వైపు చుట్టరికాలు కొత్తేమీ కాదు గనక భాషకు ఎవరూ భయపడలేదు. భయపడింది పిల్లే. అంత ఎండ, అంత ఎర్రమట్టి ఆమె అదివరకు చూడలేదు.

అలా వచ్చింది మా చిన్నమ్మ. బండి దిగేటప్పుడు ఒక చేతిలో పెట్టె, రెండో చేతిలో పోకమట్టలో చుట్టిన మొక్క. అందరూ పెట్టె వైపు చూస్తుంటే ఆమె మొక్కను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. దాల్చినచెక్క మొక్క. ఆమె పుట్టిన ఏడు వాళ్ల నాన్న పెరట్లో ఒక దాల్చినచెట్టు నాటాడట. దాని గింజ నుంచి మొలిచిన పిల్ల ఇది. పంపేటప్పుడు ఆయన, "ఇది కాపుకొచ్చిన ఏడు నేను వస్త, దాని కింద కూసొని నీ చేతి అన్నం తింట" అన్నాడట. పోకతోట విడిచి ఊరు దాటని మనిషి ఆయన. కాబట్టి ఆ మొక్క బతకడమంటే చిన్నమ్మకు నాన్న రావడమే.

బావి పక్కన, అల్లం కడిగే తొట్టి నీడన దాన్ని నాటింది. పొద్దున లేవగానే దాని దగ్గరికెళ్లి కన్నడంలో ఏదో మాట్లాడేది. మేము పిల్లలం వెనక చేరి ఆమెలాగే మాట్లాడి ఆటపట్టించేవాళ్లం. కోపం వచ్చేది కాదు. పైగా మమ్మల్నే కూర్చోబెట్టి వాళ్ల ఊరి ముచ్చట్లు చెప్పేది. నెలల తరబడి ఆగని వాన, గోడలకు పట్టే నాచు, బియ్యప్పిండి రొట్టెలు. "మా చెట్టుకు పండు నల్లగ, ఇంత చిన్న నేరేడు. పక్షి వస్తది, మొత్తం తింటది, మాకు ఏం పెట్టదు" అని నవ్వేది. నల్లపండ్ల సంగతి ఆమె చెప్పగా చెప్పగా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చింది.

ఆషాఢం వచ్చింది. కొత్త కోడలు అత్తగారి గడపలో ఉండకూడదు కదా, పుట్టింటికి ప్రయాణం కట్టారు. చిన్నాయన దిగబెట్టడానికి వెళ్లాడు. బయల్దేరేముందు చిన్నమ్మ నాయనమ్మ చేయి పట్టుకుంది.

"అత్తమ్మా, మొక్క జోపాన."

"పో బిడ్డా, ఫికర్ చెయ్యకు. నువ్వు వచ్చేటాల్లకు నీ అంత చేస్త" అంది నాయనమ్మ.

మాట నిలబెట్టుకోవాలనే చూసింది, పాపం. అసలు చిక్కు అక్కడే వచ్చింది. ఆమెకు తెలిసిన వైద్యం అల్లం వైద్యం. బలహీనంగా ఉంది, కోడలు వచ్చేసరికి కళకళలాడాలి అని, అల్లానికి పెట్టినట్టే దానికీ పెట్టింది. మొదలు చుట్టూ తవ్వి పచ్చి పేడ, దాని మీద ఆముదపు పిండి, ఆ పైన చెరుకాకు దట్టంగా కప్పి నీళ్లు. అల్లమైతే ఆ మర్యాదకు పొంగిపోయేది. ఆ వానకొండల పిల్లకు వేరు ఉడికిపోయింది. నాలుగు రోజుల్లో ఆకులు వాలాయి. నాయనమ్మ కంగారుపడి ఇంకొంచెం పిండి వేసింది. వారం తిరిగేసరికి మొక్క చచ్చిపోయింది.

ఆ పూట నాయనమ్మ అన్నం ముట్టలేదు. తొట్టి గట్టున కూర్చొని తన చేతులు తనే చూసుకుంటోంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఇన్నేండ్లల్ల నా చేతుల ఒక్క మొలక సావలే. గా పిల్ల ఒక్కటంటె ఒక్కటి తెచ్చుకున్నది. దాన్నే సంపిన" అంది. నాయనమ్మ కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదలు. నాకు చాలా భయం వేసింది.

కానీ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదామె. మా ఇంటి వెనక ఇంట్లో లారీ డ్రైవరు ఉండేవాడు. పిల్లలమంతా మామూ అని పిలిచేవాళ్లం. హైదరాబాదు నుంచి బొంబాయికి సరుకు తోలేవాడు. దారిలో వానకొండలు దాటాలి. చచ్చిన మొక్క కొసన ఒక్క ఆకు మాత్రం ఇంకా పచ్చగా ఉంది. దాన్ని తుంచి కొంగున కట్టుకొని వాళ్లింటికి వెళ్లింది, నేను తోక.

"గిసుంటి మొక్క గావాలె కొడుకా. శ్రావణం లోపల్నే గావాలె. ఎవ్వరికి చెప్పద్దు."

మామూ ఆకును అటూ ఇటూ తిప్పాడు. "పెద్దమ్మా, నాకు స్టీరింగ్ తప్ప చెట్ల సంగతి ఎరకనా? సరే, జర ఫికర్ చెయ్యకు. ఘాట్ల అడుగుత" అన్నాడు.

మొదటిసారి వట్టి చేతులతో వచ్చాడు. కొండ మీద వాన ఎంతగా ఉందంటే లారీ ఆపే సందే దొరకలేదట. రెండోసారికి ఆకు కాస్తా ఎండి పెళపెళలాడుతోంది. ఘాటు మీద చాయ్ అమ్మే ఒక మరాఠీ ముసలామెకు ఆ ఎండాకు చూపించి, "గిట్లనే ఉంటది, పచ్చిగున్నప్పుడు మెరుస్తది" అని సైగలు చేశాడట. "ఈ కొండ మీద మెరవని ఆకు ఏది నాయనా?" అని ఆమె నవ్వి, వానలోనే గొడుగేసుకుని లోయలోకి దిగి ఒక మొక్క పీకి తెచ్చి ఇచ్చిందట. దాన్ని నూనె డబ్బాలో పెట్టుకొని, సీటు పక్కన, కుదుపులకు ఒరగకుండా ఒక చేత్తో పట్టుకుంటూ తెచ్చాడు మామూ. అంత దూరం ఒంటిచేత్తో లారీ తోలాడా అని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. నాయనమ్మ డబ్బులివ్వబోతే, "కోడలి మొక్కకు పైసలా?" అని లేచిపోయాడు.

కొత్త మొక్క నున్నగా, నిగనిగలాడుతూ, పాతదానికంటే జానెడు పొడుగు. "నెల రోజుల పెరగదా ఏంది?" అని నాయనమ్మ తనకు తనే సర్దిచెప్పుకుంది. అదే చోట నాటింది. ఈసారి పిండీ లేదు, పేడా లేదు. ఉత్త నీళ్లు. ఎవరికైనా చెబితే నాలుక కోస్తానని నాతో ఒట్టు వేయించుకుంది. మా చిన్నాయనతో భయం లేదు, ఆయనకు చెట్టుకూ గుంజకూ తేడా తెలియదు.

శ్రావణంలో చిన్నమ్మ వచ్చింది. కాళ్లు కడుక్కోగానే బావి దగ్గరికి నడిచింది. నాయనమ్మ వంటింటి గుమ్మంలో, నేను ఆమె వెనక. చిన్నమ్మ మొక్క ముందు కూర్చుంది. ఆకు పట్టుకుంది. వీపు మాత్రమే మాకు కనిపిస్తోంది. తర్వాత లేచి వచ్చి నాయనమ్మ కాళ్లకు దండం పెట్టింది.

"చాన బాగ చూసిన్రు అత్తమ్మా."

నాయనమ్మ ఊపిరి వదిలిన చప్పుడు నాకు వినిపించింది.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ వచ్చింది, రోడ్డు మీద లారీలు పెరిగాయి, చెరుకు బండ్లు పోయి ట్రాలీలు వచ్చాయి. చెట్టు మాత్రం మా ఇంట్లో మనిషయింది. ఎండాకాలం బావి అడుగంటితే మేమంతా ఆ నీళ్లు చెట్టుకు పోయేలా దాని మొదట్లోనే బండ వేసుకొని స్నానాలు చేసేవాళ్లం. మామూ వాళ్లమ్మ మా బావికి వస్తే నమాజుకు ముందు చేతులూ కాళ్లూ అక్కడే కడుక్కునేది, "పీలే బేటా", తాగు బిడ్డా, అని చెట్టుకు చెప్పి మరీ. ఆ ఎర్రటి ఎండలో ఊళ్లో ప్రతి ఆకూ దుమ్ముకొట్టుకుపోతే, అదొక్కటే తలంటు పోసుకున్న పిల్లలా మెరిసేది. బస్సు దిగి వచ్చేవాళ్లు కూడా ఒక్క క్షణం నిలబడి చూసేవారు. నేను ఆ తర్వాత ఎన్నో తోటలు చూశాను. అంత అందమైన చెట్టును చూడలేదు.

ఒకసారి పండక్కి పలావు వండుతుంటే, మన చెట్టుంది కదా అని నేను బెరడు చెక్కి తెచ్చి చిన్నమ్మకు ఇవ్వబోయాను. దారిలోనే నాయనమ్మ పట్టుకుంది. నేను కొరికి చూస్తే వేపకు అక్కలా ఉంది. నాయనమ్మ నా వీపు మీద ఒకటిచ్చి ఆ ముక్కను పొయ్యిలో పడేసింది. చిన్నమ్మ చూసింది. బజారు నుంచి తెచ్చిన చెక్కనే పలావులో వేసింది.

వింతేమిటంటే, ఆ ఏళ్లన్నింటిలో నాయనమ్మ చిన్నమ్మను ఒక్క మాట అనలేదు. మా అమ్మను తిట్టేది, మేనత్తలను తిట్టేది, బర్రెను తిట్టేది. తిట్టని రోజు ఆమెకు ఒంట్లో బాగాలేదని లెక్క. చిన్నమ్మ దగ్గరికొచ్చేసరికి గొంతు దానంతట అదే మెత్తబడేది. పాలు పొంగిపోయినా, కోడిపిల్లను పిల్లి ఎత్తుకుపోయినా, "పోనీలే బిడ్డా." మా అమ్మకు ఒళ్లు మండేది. ఒకరోజు ఆ మాట అననే అంది. చిన్నమ్మ రొట్టెల పిండి పిసుకుతూ మెల్లగా, "అక్కా, నిన్ను తిడ్తది, నువ్వు ఇంటిదానివి. నన్ను ఇంక చుట్టం తీర్గనే చూస్తది" అంది. మా అమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, కానీ నాలుక మీద ఒట్టు ఉంది.

నేను లంగా ఓణీకి వచ్చిన ఏడు చెట్టు పూసింది. పూత అని చెబితే తప్ప తెలియనంత చిన్న పూత. ఆ పైన పచ్చటి పిందెలు. చిన్నాయన సంబరంగా మామగారికి కబురు పంపాడు. పోకల పని కాగానే వస్తున్నానని ఆయన నుంచి జవాబు వచ్చింది. ఇల్లంతా పండగ, నాయనమ్మకు నిద్ర లేదు.

పిందెలు లావెక్కి రంగు తిరిగాయి. ఎరుపు.

"నేరేడు గూడ ముందుగల ఎర్రగనే ఉంటది. తర్వాత నల్లబడ్తది" అంది నాయనమ్మ నాతో. రోజూ తెల్లారి లేచి చెట్టు కిందికి వెళ్లి పైకి చూసేది. పండ్లు ఇంకా ఎర్రబడ్డాయి. పగడాల్లా ఆకుల సందుల్లోంచి తొంగిచూస్తున్నాయి. ఎంత ముచ్చటగా ఉన్నాయో, మాకిద్దరికీ అంత గుండెదడ. చిన్నమ్మ మాత్రం కింద రాలినవి ఏరి గంపలో పెట్టేది, రంగు ఊసు ఎత్తేది కాదు.

చిన్నమ్మ నాన్న, మాకు వరసకు తాత, వచ్చే రోజు పొద్దున్నే నాయనమ్మ నన్ను లేపింది. చిన్నాయన, చిన్నమ్మ ఆయన్ను తీసుకురావడానికి బస్టాండుకు వెళ్లారు.

"ఎక్కు బిడ్డా. ఒక్క పండు మిగలద్దు. పక్షులు తిన్నయని చెప్త."

ఎక్కాను. ఒడి నిండా కోశాను. కోస్తూనే ఉన్నాను. కింద మనుషుల మాటలు వినిపించి చూస్తే, చేతిలో గొడుగు, భుజాన తువ్వాలు, పొట్టి మనిషి తలెత్తి చూస్తున్నాడు. బస్సు ముందే వచ్చేసింది. నా ఒడిలోంచి జారిన పండ్లు ఆయన కాళ్ల దగ్గర పడ్డాయి. ఆయన ఒకటి తీసి చూశాడు. ఒక ఆకు తుంచాడు, నలిపాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇదు నమ్మ మర అల్ల" అన్నాడు. ఇది మన చెట్టు కాదు అని. ఆ మాత్రం కన్నడం మా పెరట్లో అందరికీ వచ్చు.

చిన్నాయన తెల్లబోయాడు. నాయనమ్మ కొంగు తలమీదికి లాక్కుంది. ఊరికే అబద్ధం ఆడితే సరిపోయేది, దారిలో దొంగలు మార్చారన్నా నమ్మేవాడు మా చిన్నాయన. కానీ ఆమె ఆడలేదు.

"కాదన్నా. నీ బిడ్డ తెచ్చిన మొక్కను నేనే సంపిన. ఆషాఢంల. అల్లానికి పెట్టినట్టు పెట్టిన, మాడిపోయింది. ఇది లారీల తెప్పించి పెట్టిన. ఇన్నేండ్లు ఆ పిల్లను మోసం చేసిన" అంది. తల దించలేదు.

చిన్నమ్మ వెళ్లి ఆమె పక్కన నిలబడింది.

"నాకు తెలుసు అత్తమ్మా. ఆషాఢం అయి వచ్చిన నాడే తెలుసు. ఆకు నలిపి చూసిన, మా వాసన లేదు."

"తెల్సా? మరి అడగలేదేమే?"

"అడుగుదామనే లేచిన. మీ మొహం చూసిన, అడగలేక దండం పెట్టిన. మర్నాడు మామూ భార్య చెప్పింది. రెండు మాట్ల పోయిండట, వానల. అది నేను తెచ్చుకున్న చెట్టు, అత్తమ్మా. ఇది నా కోసం మీరు తెప్పించిన చెట్టు. ఏమని అడగాలె?"

నేను కొమ్మ మీదే ఏడ్చాను. ఎందుకో తెలియదు, దిగమని కూడా ఎవరూ అనలేదు. తాత కింద పడ్డ పండ్లన్నీ ఒక్కొక్కటే ఏరి తువ్వాల్లో మూట కట్టుకున్నాడు. మా పెరట్లో కూడా వేస్తాను, బిడ్డ ఇంటి చెట్టు అని చెప్పుకుంటాను అన్నాడు. తర్వాత ఆ చెట్టు కిందే చాప వేయించుకొని కూర్చొని బిడ్డ చేతి అన్నం తిన్నాడు. మామూను కూడా పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి తెలియదు, అయినా చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఇప్పుడు ఆ బావి లేదు, తొట్టి లేదు. అల్లం మళ్లల్లో ప్లాట్లకు రాళ్లు పాతారు, చెట్టు కూడా అప్పుడే పోయింది. దాని పేరేమిటో నాకు ఈనాటికీ తెలియదు. నాయనమ్మ, మామూ, చివరికి చిన్నమ్మ, ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. అలాంటి పెద్దమనసులు ఒకే పెరట్లో ఎలా పడ్డాయా అని ఆశ్చర్యపోతుంటాను. చచ్చిన మొక్కకు బదులు మొక్క తెచ్చి పెట్టినామె గొప్పదా, తెలిసీ నీళ్లు పోసినామె గొప్పదా అంటే నేను చెప్పలేను.

కానీ అన్నింటికంటే బాగా గుర్తుండేది ఆ మర్నాటి పొద్దు. తాత అరుగు మీద కూర్చొని చాయ్ తాగుతున్నాడు. చిన్నమ్మ జొన్నరొట్టెలు చేస్తోంది. నాయనమ్మ పళ్లెం ముందు కూర్చొని రొట్టె విరిచింది, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇన్నేండ్లాయె ఇంటికొచ్చి. రొట్టె అంచు కాల్సుడు ఇంక రాకపాయె. మీ అవ్వ గిదే నేర్పి పంపిందా?" అని అరిచింది, వియ్యంకుడు వినేలాగా.

ఇంట్లో అందరం బిగుసుకుపోయాం. చిన్నమ్మ చేతిలో పిండిముద్ద అలాగే ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వుతోంది, కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

"అక్కా, విన్నవా?" అంది మా అమ్మతో. "నన్ను తిట్టింది."